పంప మహాకవి జీవితము - యంత్రానువాదమునకు ఒక నికషోపలము

మూలవాగు ఒడ్డున నెలకొన్న వేములవాడ నేడు రాజరాజేశ్వర క్షేత్రముగా లోకప్రసిద్ధము. 2016 వరకు కరీంనగరము జిల్లాలో అంతర్భాగమై, ఆ తరువాత రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరిన ఈ ఊరు 10వ శతాబ్దిలో ఒక చాళుక్య శాఖకు రాజధాని. రాష్ట్రకూట చక్రవర్తులకు సామంతులై ఈ రాజులు సబ్బినాడును ఏలినారు. వారిలో రెండవ అరికేసరి ఆస్థానమును అలంకరించినవాడు పంప మహాకవి. కన్నడిగులు అతనిని ఆదికవిగా ఆరాధింతురు. పంప, పొన్న, రన్నలు కన్నడ సాహిత్యమున రత్నత్రయముగా కీర్తింపబడుదురు. తెలుగువారమైన మనకు మాత్రము అతడు కురిక్యాల శాసనమును వెలయించిన జినవల్లభుని అన్నగానే ఎక్కువ పరిచితుడు.

అతని జీవితమును గూర్చి చరిత్రకారులు, శాసన పరిశోధకులు పెక్కు విషయములు వెల్లడించియున్నారు. వానిని క్రోడీకరించుటతో పాటు, అతని జీవితమును ఒక నూతన ప్రశ్నకు సమాధానముగా చదువుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. ఒక భాషలోని వాక్యమును కంప్యూటరు మరియొక భాషలోనికి ఎట్లు మార్చుచున్నది? అందు కష్టమెక్కడ ఉన్నది? ఈ ప్రశ్న యంత్రజ్ఞులది మాత్రమే అని మనము ఊరకుండుట తగదు. పదము, పదార్థము, వాక్యార్థము, తాత్పర్యము మన శాస్త్రముల సొత్తు. పంపని జీవితము తెలుగు, కన్నడము, సంస్కృతము, ప్రాకృతము కలిసిన చోట గడచినది. అట్టి జీవితము ఈ విచారమునకు ఒరగల్లు వంటిది.

వంశము, జననము

పంపని పూర్వులు వేంగీదేశీయులు. కమ్మనాటిలోని వంగిపఱ్ఱు వారి నివాసమని శాసనము వలన తెలియుచున్నది. శ్రీవత్స గోత్రజులు. ఆ వంశమున మాధవ సోమయాజి యజ్ఞములు చేసి ప్రసిద్ధి కెక్కినాడు. తండ్రి భీమపయ్య. అభిరామదేవరాయడను పేరును ఇతనిదే. ఇతడు వైదిక బ్రాహ్మణ కులమున పుట్టి జైనమును స్వీకరించినాడు. తల్లి అబ్బణబ్బె. ఆమె ధార్వాడ ప్రాంతమందలి అణ్ణిగేరి వాస్తవ్యుడగు జోయిస సింగని మనుమరాలు. పంపడు దుందుభి సంవత్సరమున, అనగా క్రీ.శ. 902 ప్రాంతమున జన్మించినాడు. దేవేంద్రముని అతనికి గురువు.

ఈ వంశవృత్తమును భాషాదృష్టితో చూడవలెను. పితృవంశము తెలుగునేలది, మాతృవంశము కన్నడ నడిగడ్డది. కుటుంబ సంప్రదాయము సంస్కృతము, స్వీకరించిన మతము యొక్క ఆగమములు ప్రాకృతము. అట్టి ఇంట పెరిగినవానికి ఒక భాష నుండి మరియొక భాషలోనికి పోవుట గడప దాటుట వంటిది. కాని ఆ గడప ఎత్తు ఎంతయో అతనికి తెలిసియుండును. యంత్రమునకు అది తెలియదు.

తెలుగు కన్నడములు సోదర భాషలే. పదక్రమము ఒక్కటే, విభక్తుల తీరు దగ్గరిది. అయినను ఒక చిన్న విషయము గమనింపుడు. తెలుగున స్త్రీ వచ్చినను, ఆవు వచ్చినను, వాన వచ్చినను ఏకవచన క్రియ ఒక్కటే: వచ్చినది. కన్నడమున స్త్రీ వచ్చినచో బందళు, ఆవు గాని వాన గాని వచ్చినచో బందితు అందురు. తెలుగున కర్తను చెప్పక విడుచుట సహజము. కావున వచ్చినది అను ఒంటి మాటను కన్నడమున చెప్పవలెనన్న వచ్చినదెవరో ముందు తెలియవలెను. ఆ సమాచారము ఆ వాక్యమున లేదు. అది వెనుకటి వాక్యమున ఉండవచ్చును, లేదా వినువాని మనస్సున ఉండవచ్చును. సంస్కృతమున మరియొక చిక్కు. వచ్చినారు అన్న తెలుగు క్రియకు ద్వివచనము వాడవలెనా, బహువచనము వాడవలెనా? వచ్చినవారిని లెక్కించిన గాని చెప్పజాలము. లక్ష్యభాష అడిగిన దానిని మూలభాష చెప్పకుండుట అనువాదమున మొదటి కష్టము. వ్యాకరణ మెంత నేర్పినను ఇది తీరదు.

ఆదిపురాణము

పంపడు శకవర్షము 863, ప్లవ సంవత్సరమున, అనగా క్రీ.శ. 941లో ఆదిపురాణమును పూర్తి చేసినాడు. అప్పటికి అతనికి ముప్పది తొమ్మిది ఏండ్లు. ఇది ప్రథమ తీర్థంకరుడగు వృషభనాథుని చరిత్రము. దీనికి మూలము జినసేనాచార్యుని సంస్కృత గ్రంథము. తన కావ్యము మూడు నెలలలో ముగిసినట్లు కవి చెప్పుకొన్నాడు. విస్తారమైన పురాణమును చంపువుగా కూర్చునపుడు ఏది విడువవలెను, ఏది నిలుపవలెను, ఏది పెంచవలెను అన్న నిర్ణయము అడుగడుగున చేసియుండవలెను. ధర్మబోధకు భంగము రాకుండ కావ్యరసమును పోషించుట అతని నియమము.

యంత్రానువాదము మొదట ఈ నిర్ణయమును తలపెట్టనే లేదు. 1949లో అమెరికా దేశీయుడగు వారెన్ వీవర్ ఒక పత్రము వ్రాసి, పరభాషా వాక్యమును గూఢలిపి వలె భావించి విప్పవచ్చునేమో అని సూచించినాడు. 1954 జనవరిలో జార్జిటౌన్ విశ్వవిద్యాలయము, ఐ.బి.ఎం. సంస్థ కలిసి రష్యను వాక్యములు అరువదికి పైగా ఆంగ్లమునకు మార్చి చూపినారు. ఆ యంత్రమునకు తెలిసినవి 250 పదములు, 6 సూత్రములు. కొలది ఏండ్లలో పని ముగియునని ఆశలు పుట్టినవి. 1966లో వెలువడిన అమెరికా ప్రభుత్వ నియమిత సంఘము నివేదిక ఆ ఆశలను చల్లార్చినది.

కారణము మనకు తెలియనిది కాదు. సైంధవ శబ్దమునకు ఉప్పు అనియు, గుర్రమనియు అర్థములు. భోజనవేళ ఒకటి, ప్రయాణవేళ ఒకటి గ్రహింతుము. అది ప్రకరణ బలము. 1960లో బార్-హిల్లెల్ అను విద్వాంసుడు ఆంగ్లమున పెన్ అను మాటకు కలమనియు, పసిపిల్లలు ఆడుకొనుటకు కట్టిన చిన్న దడి అనియు రెండర్థములుండుటను ఉదాహరించి, పెట్టె పెన్నులో ఉన్నదన్నపుడు కలములో పెట్టె పట్టదన్న లోకజ్ఞానము యంత్రమునకు ఎట్లు వచ్చునని ప్రశ్నించినాడు. మన తార్కికులు యోగ్యత అన్నది ఇదియే. నిప్పుతో తడుపుట పొసగదని ఏ నిఘంటువును చెప్పదు, లోకము చెప్పును.

విక్రమార్జున విజయము

పంపని రెండవ కృతి విక్రమార్జున విజయము. పంపభారతమని వ్యవహారము. పదునాలుగు ఆశ్వాసముల చంపూకావ్యము. ఆరు నెలలలో రచించినాడు. వ్యాసభారత కథకు అర్జునుని నాయకునిగా నిలిపి, ఆ అర్జునునితో తన ప్రభువగు అరికేసరిని అభేదముగా వర్ణించినాడు. అరికేసరి సామాన్య సామంతుడు కాడు. రాష్ట్రకూట చక్రవర్తి నాలుగవ గోవిందుడు ఆగ్రహించినను శరణన్నవానిని విడువక, తుదకు ఆ చక్రవర్తి స్థానమున బద్దెగుడను మూడవ అమోఘవర్షుడు నిలుచుటకు తోడ్పడినవాడు. ఈ సమకాలిక వృత్తాంతము భారతకథలో ధ్వనించును.

ఈ అభేదము కొరకు పంపడు కథనే మార్చినాడు. అతని కావ్యమున ద్రౌపది అర్జునునకు మాత్రమే భార్య. తుదకు పట్టమహిషిగా అభిషేకము పొందునది సుభద్ర. రాజమహేంద్రవరమున నన్నయ తెలుగు భారతమును ఆరంభించుటకు ఇది ఇంచుమించు నూరేండ్లు ముందటి మాట. తన కన్నడము పులిగెఱె ప్రాంతపు సారవంతమైన కన్నడమని పంపడు చెప్పుకొన్నాడు. తెలుగునాట కూర్చుండి దూరదేశపు ప్రామాణిక భాషను కోరి పట్టుకొన్నాడన్నమాట. కథ సంస్కృతమునది, పలుకుబడి పులిగెఱెది, ధ్వని వేములవాడది.

ఇచట యంత్రమునకు రెండవ కష్టము ఎదురగును. గుణార్ణవ శబ్దమును తీసికొందము. అవయవార్థము గుణములకు సముద్రమని. అది అరికేసరి బిరుదము. కావ్యమున అర్జునునకును అదియే పేరు. పంపని బిరుదము కవితాగుణార్ణవుడు. అతని పేరుమీద త్రవ్వబడిన చెరువును కవితాగుణార్ణవమే. రాజును, పాండవుడును, కవియు, జలాశయమును ఒక్క మాటలో కూడినవి. బిరుదమును అనువదింపవలెనా, అట్లే ఉంచవలెనా, ఇద్దరిలో ఎవరిని ఉద్దేశించినట్లు చెప్పవలెనా? పంపని ఉద్దేశము ఇద్దరినీ ఒకేమారు చెప్పుట. ఒక అర్థమును ఎన్నుకొన్న అనువాదము వ్యాకరణముచే నిర్దుష్టమైనను కావ్యముచే దుష్టము.

నేటి యంత్రములు సూత్రములపై కాక ఉదాహరణములపై ఆధారపడుచున్నవి. 1980ల చివర ఐ.బి.ఎం. పరిశోధకులు కెనడా పార్లమెంటు చర్చల ఆంగ్ల, ఫ్రెంచి ప్రతులను ప్రక్కప్రక్కన ఉంచి, ఏ మాటకు ఏ మాట ఎంత తరచుగా జతపడునో లెక్కించు పద్ధతిని నెలకొల్పినారు. 2016 నుండి గూగుల్ వంటి సంస్థలు నాడీజాల పద్ధతిని అవలంబించినవి. ఇందు ప్రతి పదమును కొన్ని వందల సంఖ్యల వరుసగా మారును. వాక్యములోని ఒక్కొక్క పదము తక్కిన పదములలో దేనిని ఎంత అపేక్షించుచున్నదో యంత్రము గణించును. 2017లో వెలువడిన నిర్మాణమున ఈ అపేక్షా గణనమే ప్రధానము. దీనిని ఆకాంక్షకు యంత్రరూపమనవచ్చును. పిమ్మట లక్ష్యభాషలో మిక్కిలి సంభావ్యమైన పదమును ఒకదాని తరువాత ఒకటి ఉంచుకొనుచు పోవును. ఫలితము చదువుటకు సాఫీగా ఉండును. తప్పైనను సాఫీగానే ఉండును. వెనుకటి యంత్రముల తప్పు కంటికి కనబడెడిది. నేటి తప్పు మూలము చదివినవానికి గాని కనబడదు.

ఉదాహరణములనుండి నేర్చు యంత్రమునకు వ్యాసభారతమును, పంపభారతమును జంటగా ఇచ్చినచో ఏమగును? ద్రౌపది భర్తల సంఖ్య మొదలు పట్టాభిషేకము వరకు జతలు చెడును. యంత్రము వానిని పొరపాట్లుగా లెక్కించి త్రోసివేయును, లేదా సత్యముగా నేర్చుకొనును. కవి బుద్ధిపూర్వకముగా చేసినాడని మాత్రము ఎరుగదు. ఇది ఊహామాత్రము కాదు. 2021లో కొందరు పరిశోధకులు రామాయణ భారత శ్లోకములను 93 వేల వరకు ఆంగ్లానువాదముతో జతపరచి, ఇతిహాస అను పేర యంత్రశిక్షణకు ప్రకటించినారు. ఆ ఆంగ్లము మన్మథనాథ దత్తు 19వ శతాబ్ది చివర చేసినది. దానిచే శిక్షితమైన యంత్రమునకు సంస్కృతముతో పాటు దత్తుగారి కాలపు ఆంగ్లమును, ఆయన అభిప్రాయములును అలవడును. గురువెట్టివాడో శిష్యుడట్టివాడు.

అగ్రహారము, తమ్ముని శిల

అరికేసరి సంతసించి పంపనికి ధర్మపురమను అగ్రహారమును ఇచ్చినాడు. దీని స్థాననిర్ణయమున పండితులలో అభిప్రాయభేదము కలదు. తమ్ముడు జినవల్లభుడు నేటి కరీంనగరము జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల సమీపమున గల బొమ్మలగుట్ట మీద జినబింబములను, చక్రేశ్వరీ ప్రతిమను చెక్కించినాడు. ఆ గుట్టకు వృషభాద్రి అని పేరు. త్రిభువనతిలకమను బసది, కవితాగుణార్ణవమను తటాకము, మదనవిలాసమను వనము వెలసినవి. చక్రేశ్వరి వృషభనాథుని యక్షిణి. అన్న కావ్యమున కీర్తించిన తీర్థంకరుని పరివారమును తమ్ముడు రాతిలో నిలిపినాడు. ఇదియు ఒక విధమైన అనువాదమే.

బొమ్మల క్రింద ఒక శాసనము కలదు. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలున్నవి. తెలుగు భాగమున మూడు కందపద్యములు. తెలుగు కందమునకు లభించిన అతి ప్రాచీన రూపములుగా వానిని సాహిత్య చరిత్రకారులు గౌరవింతురు. యంత్రజ్ఞుడు దీనిని చూచినచో సంతోషించును. ఒక్క శిల, ఒక్క కాలము, మూడు భాషలు. ఇంతకంటె మేలైన జత దొరకునా?

కాని చదివి చూచినచో ఆ మూడు భాగములు ఒకదానికొకటి అనువాదములు కావు. వంశక్రమము, అగ్రహార దానము వంటి వృత్తాంతమును కన్నడము మోయుచున్నది. తెలుగు కందములు జినవల్లభుని ధర్మనిరతిని, గుణసంపదను, సాటిలేనితనమును ప్రస్తుతించుచున్నవి. శాసన కర్తకు ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పని ఉన్నది. రాజాస్థానమున చెల్లు భాష ఒకటి, శాస్త్రజ్ఞులు మెచ్చు భాష ఒకటి, ఆ గుట్ట చుట్టు నివసించు జనుల భాష ఒకటి. ఎవరితో ఏది చెప్పవలెనో తెలిసి చెప్పుటయే ఇచటి బహుభాషిత్వము. మూడింటిని సమానార్థకములుగా తలచి జతపరచిన యంత్రము దానమున్న చోట స్తుతిని, స్తుతి ఉన్న చోట వంశావళిని నేర్చుకొనును.

ఆ కాలపు స్తుతి పదములలో మరియొక చిక్కు దాగియున్నది. పక్షపాతి అన్న మాట నేడు నిందార్థకము. గుణపక్షపాతి అన్నది నాడు ప్రశంస. నేటి వార్తాపత్రికలచే శిక్షితమైన యంత్రము ఈ ప్రశంసను నిందగా మార్చుటకు వెనుదీయదు. కాలభేదమున పదార్థము మారుట మూడవ కష్టము.

తాత్పర్యము ఎవరి భారము?

శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యజ్ఞానము కారణములని చదివియున్నాము. సన్నిధిని యంత్రము మొదటినుండి ఎరుగును. ఆకాంక్షను నేడు చక్కగా గణించుచున్నది. విస్తారమైన గ్రంథరాశి వలన యోగ్యతను చాలవరకు అనుకరించుచున్నది. తాత్పర్యము విషయమున మాత్రము ఊహతో నెట్టుకొనివచ్చుచున్నది. ఆ ఊహ పెక్కుమారులు ఫలించుచున్నదనుట సత్యము. ఫలింపనపుడు తాను తప్పినట్లు చెప్పజాలదనుటయు సత్యము.

ఈ సంకటమును ముందే గుర్తించినవారు మన దేశమున కలరు. అక్షర భారతి బృందమునకు చెందిన వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు పాణినీయ కారక సిద్ధాంతమును ఆధారముగా గొని 1990లలో అనుసారకమను యంత్రవిధానమును వృద్ధిచేసినారు. ఆ పని కాన్పూరు ఐ.ఐ.టి.లోను, హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును జరిగినది. తెలుగు, కన్నడము మొదలగు భాషలనుండి హిందీకి తెచ్చుట దాని లక్ష్యము. అందలి నియమము ప్రశంసనీయము. మూలములోని సమాచారమును పోగొట్టరాదు, లేనిదానిని చేర్చరాదు. వాక్యము కొంత బెసకినను సరే, తాత్పర్య నిర్ణయము చదువరికి విడువవలెను. వ్యాఖ్యాత పదచ్ఛేదము, అన్వయము చూపి ఆగినట్లు ఆ యంత్రము ఆగును. నేటి నాడీజాలము ఆగదు. కావ్యకర్త వలె మలచి ఇచ్చును. పంపని స్వాతంత్ర్యము దానికి ఉన్నది. పంపని ఉద్దేశము దానికి లేదు.

ఇందు నష్టమేమి అని అడుగవచ్చును. 2019 నుండి సుప్రీంకోర్టు సువాస్ అను సాధనముతో తీర్పులను దేశభాషలలోనికి తెచ్చుచున్నది. ఆంగ్ల తీర్పున అంకుల్ అని ఉన్నచో తెలుగున పెదనాన్నయా, పినతండ్రియా, మేనమామయా? ఆస్తి వివాదమున ఈ ముగ్గురి హక్కులు ఒక్కటి కావు. అందువలననే అట్టి ప్రతులను మనుష్యులు సరిచూడవలసియున్నది. సరిచూచువానికి రెండు భాషలును, వ్యవహారమును తెలిసియుండవలెను.

గోదావరికి ఉత్తరమున ఆదిలాబాదు గిరులలో ఈ నష్టము వేరొక రూపమున ఉన్నది. తెలుగు 2011లో, సంస్కృతము 2022లో గూగుల్ అనువాద సాధనమున చేరినవి. 2023లో వెలువడిన ఇండిక్‌ట్రాన్స్ 2 అను భారతీయ సాధనము షెడ్యూలు భాషలు 22ను స్వీకరించినది. గోండి, కొలామీ భాషలు ఆ 22లో లేవు. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున లభించిన వ్రాతప్రతుల వలన వెలుగు చూచిన గోండి లిపికి 2018లో యూనికోడ్ స్థానము లభించినది. లిపి యంత్రమున ఎక్కినది గాని, యంత్రమునకు నేర్పుటకు తగిన వాక్యముల జతలు కావలసినన్ని లేవు. మాటలాడువారు లక్షలున్నను, వ్రాసినది లేని భాష యంత్రమునకు మూగది.

మన కర్తవ్యము ఇచట స్పష్టమగుచున్నది. పంపడు ఒంటరిగా పుట్టలేదు. వేంగి నుండి వచ్చిన తండ్రి, అణ్ణిగేరి ఇంటి తల్లి, దేవేంద్రముని పాఠము, అరికేసరి ఆదరము అతనిని తీర్చినవి. యంత్రమునకును తల్లిదండ్రులు, గురువులు కావలెను. ఆ స్థానమున నేడు ఉన్నవి చాలవరకు వార్తలు, ప్రభుత్వ ప్రకటనలు. శాసనముల, కావ్యముల, శాస్త్రముల శుద్ధప్రతులను పదచ్ఛేద అన్వయములతో, ఇది యథాతథానువాదము, ఇది స్వేచ్ఛానువాదము, ఇది అనువాదమే కాదు అన్న వివేకముతో జతపరచి ఇచ్చు శక్తి ప్రాచ్య కళాశాలలకు కలదు. కురిక్యాల శాసనముతో ఆ పని ఆరంభించుట ఉచితము. మూడు భాషలలో ఏది ఎవరికొరకు చెప్పబడినదో వివరించి వ్రాసిన నాలుగు పుటలు, వివరణ లేని వేయి జతలకంటె యంత్రమునకు మేలు చేయును. ఆదిలాబాదు కళాశాలల విద్యార్థులలో గోండి, కొలామీ మాతృభాషగా గలవారిచే పెద్దల కథలను వ్రాయించి తెలుగుతో జతపరచుట రెండవ పని. బొమ్మలగుట్ట మీది అక్షరములు వేయేండ్లు దాటి నిలిచినవి. వానిని చదువగలవారు కూడ నిలిచియుండవలెను.